ఒక నెల నవలలు – ఒక పాఠకుని పద్దు

మా గ్రంథాలయ రజతోత్సవ సంచికకు తెలుగు నవలను గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. కోరినవారు వయస్సున చిన్నవారు. పాత సంగతులు వారెరుగరు. ఎరిగినచో ఈ పని నాకప్పగించి యుండరు. ఏలయన, ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమునకు మొదటి విడత పుస్తకములు కొనునపుడు నవలలు వలదని పట్టుబట్టినవారిలో మొదటివాడను నేనే.

నేను గురుముఖమున కావ్యములు చదువుకొన్నవాడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసి, రాత్రులందు శబ్దరత్నాకరమును ప్రక్కన నుంచుకొని, భారతమును, మనుచరిత్రమును, వసుచరిత్రమును ఒక్కొక్క పద్యముగా విప్పుకొని చదివితిని. ఒక సమాసము విడివడుటకు ఒక్కొక్కప్పుడు రెండు రాత్రులు పట్టెడిది. కష్టార్జితముపై మనుజునకు మమకార మెక్కువ. కాబట్టి చేత బట్టినంతనే అర్థమగు పుస్తకము పుస్తకమే కాదను గర్వము నాకు కలిగినది. ఆనాటి సమావేశమున నేను చేసిన వాదము ఆ గర్వమునుండి పుట్టినదే. కథలే కావలసినచో దండి దశకుమారచరిత్రమును కేతన పదుమూడవ శతాబ్దముననే తెనిగించెను గదా యంటిని. పింగళి సూరన కళాపూర్ణోదయమును మించిన కల్పితకథ ఏ నవలలో నున్నదని యడిగితిని. కన్నడమువారును మరాఠీవారును నవలకు 'కాదంబరి' యని బాణుని గ్రంథము పేరే పెట్టుకొనిరి. మూలము మన యొద్ద నుండగా నీడతో పనియేమి యంటిని. సభ్యులు కాదనలేకపోయిరి.

ఆనాడు తలుపునొద్ద నిలిచియున్న యొక కూలి యువకుడు, ఊరి చివరి పేటవాడు, లోపలికి రాకయే అడిగెను: "అయ్యా, మాలపల్లి అని ఒక పుస్తకం ఉందంట. అది తెప్పిస్తారా?"

"ముందు భారతం చదవరా అబ్బాయ్. నవలల సంగతి తర్వాత చూద్దాం" అంటిని.

"అట్టాగేనండి" అని అతడు వెడలిపోయెను. సమావేశపు పుస్తకమున 'నవలల కొనుగోలు వాయిదా వేయడమైనది' అను పంక్తి నా చేతివ్రాతతోనే యున్నది. తరువాతి కార్యవర్గములు దాతల సాయముతో నవలలను తెప్పించినవి. ఆ పంక్తి మాత్రము అట్లే యున్నది. పుస్తకములు ఎరవిచ్చు పట్టీలో ఆ యువకుని పేరు నాటినుండి నేటివరకు ఎచ్చటను కానరాదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు చదువుట ధర్మమని తోచి, గడచిన మాఘమాసమును దానికి కేటాయించితిని. మాఘమున దినమున కొక అధ్యాయముగా ముప్పది దినములు మాఘపురాణము చదువుట మన యిండ్లలో ఆచారము. ఈ యేడు ఆ నియమముతోనే నవలలు చదివితిని. పుట్టిన వరుసలో చదువవలెననియు, చదివినదానిని ఏ రోజున కారోజు చిట్టాలో వ్రాయవలెననియు ఏర్పరచుకొంటిని. ఎనిమిది పుస్తకములు పూర్తియైనవి. ఆ చిట్టాయే ఈ వ్యాసమునకు ఆధారము.

మొదటిది కందుకూరి వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము. దీనికి ముందే 1872లో నరహరి గోపాలకృష్ణమచెట్టిగారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించియుండిరి; సోనాబాయి పరిణయమని దానికి మారుపేరు. ఆ గ్రంథకర్తయే పిమ్మట కర్నూలు మండల చరిత్రమును ఆంగ్లమున వ్రాసినవారు. అయినను తెలుగు నవలకు త్రోవ తీసినది వీరేశలింగముగారి గ్రంథమే. అది 1878లో వివేకవర్ధని పత్రికలో భాగములుగా వెలువడి, 1880లో పుస్తకమైనది. గోల్డుస్మిత్తు అను ఆంగ్ల రచయిత 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' దీనికి ప్రేరణ. 1887లో హచిన్సను అను ఆంగ్లేయుడు దీనిని 'ఫార్చూన్స్ వీల్' అను పేరుతో తన భాషలోనికి మార్చి లండనులో ప్రకటించెను. ఆంగ్లమునుండి బీజము తెచ్చుకొన్న చెట్టు పదేండ్లు తిరుగకముందే ఆంగ్లమునకు ఫలమును తిరిగి యిచ్చినదన్నమాట.

వీరేశలింగముగారు తమ గ్రంథమును వచన ప్రబంధమనిరి. దానిని విమర్శించిన కాశీభట్ల బ్రహ్మయ్యశాస్త్రిగారు 'నవల' యను మాటను వాడుకలోనికి తెచ్చిరి. మన నిఘంటువులలో నవల యనగా స్త్రీ యని యర్థమున్నది. శాస్త్రిగారు 'నవ' శబ్దమునుండి క్రొత్తదనమను అర్థమును దీసి ఆ మాటకు రెండవ జన్మమిచ్చిరి. ఆంగ్లపు 'నావెలు'నకును అదే భావము. ఇంత చక్కని మాటను చేసినవారు ఆ గ్రంథమును మెచ్చుకొన్నవారు గాక విమర్శించినవారగుట నాబోంట్లకు కొంత యూరట.

ప్రబంధములు చదివిన కన్నులతో మొదటి పుటలు చదువగా నాకు కొత్త యేమియు తోచలేదు. ధవళేశ్వర వర్ణనము, గోదావరి, కొండ, దేవాలయము – ఇది మన పురవర్ణనమే గదా యనుకొంటిని. కాని కొంచెము ముందుకు పోగానే అడుగు తడబడినది. రాజశేఖరుని చుట్టును ముఖస్తుతి చేయువారు చేరుట, బంగారము చేసి యిత్తునని బైరాగి యింటనున్న బంగారమును కాజేసి పోవుట, ఖర్చు పెరిగి అప్పు మిగులుట – వీనిని చదువుచుండగా ఎవరి యింటి లెక్కయో నా యెదుట విప్పి చూపినట్లుండెను. కావ్యములో రాజు రాజ్యము పోగొట్టుకొన్నచో శనియో శాపమో కారణము. నలుని చూడుడు, హరిశ్చంద్రుని చూడుడు. రాజశేఖరుడు మాత్రము తన చేతులారా, పద్దు పద్దుగా పేదవాడైనాడు. కష్టమునకు కారణమును ఇంటిలో వెదకు చూపు తెలుగు కథకు ఇచ్చటనే అబ్బినది. ఇది కళాపూర్ణోదయమున లేదు. సూరన కథను అల్లిన నేర్పు గొప్పదే. కాని ఆ కథ నడుచునది గంధర్వులును సిద్ధులును తిరుగు లోకమున.

రెండవది చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతి. చిలకమర్తివారు 1867లో పుట్టి 1946లో గతించిరి. చిన్ననాటినుండియు చూపు మందము. కడపట పూర్తిగా పోయినది. రాజమహేంద్రవరమున వెలువడిన చింతామణి పత్రిక నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చుటచేత, 1890 దశకమున తెలుగున నవలలు వ్రాయువారు పెరిగిరి. చిలకమర్తివారి రామచంద్రవిజయము, హేమలత ఆ బహుమానములు పొందినవే. గణపతి మాత్రము తీరు వేరు. చదువబ్బని యొక పేద బ్రాహ్మణ బాలుడు అల్లరిచిల్లరగా పెరిగి, తనకు రాని చదువును ఇతరులకు చెప్పు పంతులగుట అందలి కథ. మొదటి దినము నేను నవ్విన నవ్వునకు ఇంటిలోనివారు వంటయింటినుండి వచ్చి చూచిరి. రెండవ దినమునకు ఆ నవ్వు తగ్గినది. ఆ నవ్వు వెనుక ఆకలి యున్నది. కొడుకు చేతిలో కష్టపడు తల్లి యున్నది. మన ప్రబంధములలో విదూషకుడు నవ్వించి తప్పుకొనును. అతని యింట పొయ్యి వెలిగినదో లేదో కవి చెప్పడు. చూపు సరిగా లేని చిలకమర్తివారు ఆ పొయ్యిని చూచిరి.

మూడవది మాలపల్లి. దీనిని అలమారునుండి తీయునపుడు నా చేయి కొంత సంకోచించినదని వ్రాయుటకు సిగ్గుపడను. ఇది చదువుటకు ఆరు దినములు పట్టినది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరు మండలమువారు. న్యాయవాద విద్యకై ఐర్లండు వెళ్లివచ్చినవారు. పల్నాటి అటవీ సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకు పోయి, 1922లో రాయవెల్లూరు జైలులో ఈ నవలను వ్రాసిరి. ఆ యేడే వారును వారి సతీమణి లక్ష్మీబాయమ్మగారును గుంటూరున స్త్రీలకై శారదానికేతనమును నెలకొల్పిరి. మద్రాసు ప్రభుత్వము మాలపల్లిని నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడిన పిమ్మటగాని ఆ గ్రంథము పూర్తిగా చెరవీడలేదు. జైలులో పుట్టిన పుస్తకము జైలుననే పెరిగినదని చెప్పవచ్చును.

కథాస్థలము మంగళాపురము. రామదాసు మాలపల్లిలోని గృహస్థు, తత్త్వమెరిగిన భక్తుడు. అతని కుమారుడు సంగదాసు. ఊరి పెద్దభూస్వామి చౌదరయ్య; అతని కుమారుడు రామానాయుడు సంగదాసునకు ప్రాణమిత్రుడు. కూలివాండ్ర పక్షమున నిలిచిన సంగదాసు ఆ భూస్వామి చేతి దెబ్బకు ప్రాణము విడుచును. రామదాసు మరియొక కుమారుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడను పేరుతో కలవారిని దోచి లేనివారికి పెట్టువాడగును. రామదాసు మాత్రము ఎన్ని దెబ్బలు తగిలినను తన శాంతిని విడువడు.

ఇది చదువుచు నేను పుస్తకమును రెండుసార్లు మూసి, చావడి వరండాలో తిరిగితిని. కారణము చెప్పెదను. గ్రామపు లెక్కలలో భూమికి సంఖ్య యున్నది, విస్తీర్ణమున్నది, పట్టాదారునకు పేరున్నది, పైరునకు, నీటికి, శిస్తునకు వేరువేరు గడులున్నవి. ఆ పైరును నాటినవారికి, కోసినవారికి, కుప్ప వేసినవారికి గడి లేదు. ఆ లెక్కలు చూచి మా యూరిని నేను పూర్తిగా ఎరుగుదునని చాలకాలము అనుకొంటిని. కావ్యముల సంగతియు అంతే. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలవారు మాలదాసరిని భక్తులలో అగ్రగణ్యునిగా నిలిపిరి. అది వారి మహత్త్వము. కాని ఆ దాసరి పగలు ఎవరి పొలమున పనిచేసెను, ఎంత కూలి తెచ్చుకొనెను, ఇంటివారేమి తినిరి అన్నది కావ్యమునకు వస్తువు కాలేదు. ఉన్నవవారు ఆ దాసరికి ఇల్లును, భార్యను, బిడ్డలను, కూలిని, కోపమును ఇచ్చిరి. నా దస్త్రములలోను నా కావ్యములలోను లేని గడిని ఈ నవల గీసినది.

మరియొక సంగతి. ఉన్నవవారు పాత్రల మాటలను గుంటూరు సీమ ప్రజలు పలుకునట్లే వ్రాసిరి. అది మొదట నా చెవికి గరుకుగా నుండెను. మూడవ దినమున ఒక ప్రయోగము చేసితిని. అందలి యొక సంభాషణమును నాకు తెలిసిన గ్రాంథికమున తిరిగి వ్రాసి చూచితిని. వ్యాకరణదోషము లేదు, కాని అందు మనిషియు లేడు. కావుననే ఈ వ్యాసమునందు తలుపునొద్ద నిలిచినవాని మాటను అతడు పలికినట్లే వ్రాసితిని. దానిని దిద్దినచో అబద్ధమగును.

ఆ బరువునుండి తేరుకొనుటకు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశము మొదటి భాగమును పట్టితిని. ఇది 1924లో వెలువడినది. తక్కిన భాగములు చాలకాలమునకు గాని రాలేదు. మొగలితుర్రు కుర్రవాడు బారిస్టరగుటకై ఇంటిలో చెప్పకుండ సీమకు బయలుదేరి, త్రోవలో మద్రాసున తన కొరకు ఆడువారి టోపీ కొనుక్కొనును. నవ్వుకొనుట సరియే. అయినను ఒకటి గమనింపదగును. తెలియనివానిని చూచి లోకము నవ్వుటకు ముందే పార్వతీశము తనను చూచి తాను నవ్వుకొనును. మన పండితులకు ఆ విద్య తక్కువ. నేను ఆ రాత్రి అద్దమున చూచుకొని కొంత నేర్చుకొంటిని.

అయిదవది విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు 1934లో నడపిన నవలల పోటీలో ఈ గ్రంథమునకును అడివి బాపిరాజుగారి నారాయణరావునకును బహుమానమును పంచియిచ్చిరి. చిత్రమేమనగా ఆ యిద్దరును 1895లోనే పుట్టిరి. విశ్వనాథవారు ఇంత పెద్ద గ్రంథమును ఇరువదితొమ్మిది దినములలో తమ్మునికి చెప్పి వ్రాయించిరని ప్రసిద్ధి. దీనిని పి.వి. నరసింహారావుగారు 'సహస్రఫణ్' అను పేరుతో హిందీలోనికి మార్చిరి. గ్రంథకర్తకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము శ్రీమద్రామాయణ కల్పవృక్షమునకు వచ్చినది.

సుబ్బన్నపేట యను గ్రామము, అందలి కోట, గుడి, వేయిపడగల సుబ్రహ్మణ్యేశ్వరుడు, ధర్మారావు, అరుంధతి, గణాచారి, పసిరిక – ఇది నాకు అలవాటైన లోకము. ఇంటికి వచ్చినట్లుండెను. వేయిపడగలను పూర్వపు సమాజమునందలి ధర్మములుగా భావించి, అవి ఒక్కొక్కటే అణగిపోవుటను విశ్వనాథవారు చెప్పుచుండగా కన్ను చెమర్చినది. చేలగాలితో, పైరుపచ్చతో ఒకడై తిరుగు పసిరికవంటి పాత్రను ఏ ప్రబంధకవి సృష్టించినను గర్వపడియుండును.

కాని మాలపల్లి చదివిన వారమునకే దీనిని చదువుట నాకొక పరీక్ష. రెండును ఇంచుమించుగా ఒకే కాలమునవి. రెండును కోస్తా మండలములవారు వ్రాసినవే. రెండును గ్రామము చెదరిపోవుటను గూర్చినవే. ఒకటి గుడిగోపురమునుండి చూచిన యూరు. రెండవది ఊరి చివరినుండి చూచిన యూరు. విశ్వనాథవారి గ్రామము పూర్వము నిండుగా నుండి పిమ్మట చెడినది. ఉన్నవవారి గ్రామమున రామదాసు కుటుంబమునకు అట్టి నిండుదనము ఎన్నడు దక్కినది? ఎవరిది నిజమని నన్నడుగుడు. ముప్పదేండ్లు లెక్కలు వ్రాసినవాడు చెప్పగలిగినది ఇంతే: జమ వైపు మాత్రమే చూచి నిలువ తేల్చరాదు; ఖర్చు వైపు మాత్రమే చూచియు తేల్చరాదు. ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన నుంచి చదువనివానికి ఇరువదవ శతాబ్దపు తెలుగు పల్లె సగమే తెలియును. నా యీడువారిలో సగము తెలిసినవారే యెక్కువ. నేనును నిన్నమొన్నటివరకు వారిలోనివాడనే.

ఆరవది త్రిపురనేని గోపీచందుగారి అసమర్థుని జీవయాత్ర. ఏడవది బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది. ఈ రెండును 1940 దశకపు రచనలు. రెండవది 'నవోదయ' పత్రికలో ముందు వచ్చి, 1952లో పుస్తకమైనది. ఇచ్చట నవల ఊరిని విడిచి మనిషి లోపలికి ప్రవేశించినది. గోపీచందుగారి సీతారామారావు వంశప్రతిష్ఠను మోయలేక, విడువలేక, ప్రతిదానికి కారణమడుగుచు, ఏ పనియు చేయలేక నశించును. రాజశేఖరుని ఆస్తి ఎట్లు కరగినదో లెక్క చెప్పవచ్చును. సీతారామారావు లోపల కరగినదానికి లెక్క కట్టుట కష్టము. బుచ్చిబాబుగారి దయానిధి వైద్యుడు. తల్లిని గూర్చి లోకము చెప్పుకొను మాటలు నీడవలె అతనిని వెంబడించును. రాయలసీమలో వజ్రము దొరికినను అతని వెలితి తీరదు. ప్రబంధనాయకుని విరహమునకు చంద్రుడును మలయమారుతమును కారణములు. వీరి వేదనకు ఊరివారి నాలుకయు, తమ మనస్సును కారణములు. ఈ రెండు పుస్తకములను నేను ప్రేమింపలేకపోయితిని; కాని మరువలేకపోవుచున్నాను. గోపీచందుగారు 1962లో గతించిన పిమ్మట, వారి పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామాకు 1963లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తెలుగు నవలకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు.

ఎనిమిదవది వట్టికోట ఆళ్వారుస్వామిగారి ప్రజల మనిషి. నిజాము పాలననాటి తెలంగాణ పల్లె, వెట్టిచాకిరి, దొర పెత్తనము, వానిని ఎదిరించు సామాన్యులు ఇందలి వస్తువు. కోస్తా జిల్లాలవారమైన మాకు ఆ బాధ పుస్తకములవలననే తెలియవలెను. ఆళ్వారుస్వామిగారు 1915లో నల్లగొండ మండలమున పుట్టి 1961లో గతించిరి. బడిచదువు తక్కువ, పరుల యిండ్లలో పనిచేసి పెరిగినవారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాము ప్రకటించిన పుస్తకములను తామే మోసికొనిపోయి ప్రజలకు చేర్చిరి. జైలులో నున్నపుడు తోడి ఖైదీలను చూచి కథలు వ్రాసిరి.

ఈ చివరి పుస్తకము నన్ను తిరిగి మన గ్రంథాలయపు గుమ్మమునొద్దకు తెచ్చినది. ఏలయన తెలుగునాట నవలయు గ్రంథాలయమును కవలలు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో పుట్టినది; 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి వచనగ్రంథములను ఇంటింటికి చేర్చినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి సభ జరిగినది; దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషి యున్నది. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు నడపి ఒడ్డునున్న పల్లెలకు ఇచ్చిరి. కావ్యము చదువుటకు గురువు కావలెను. పురాణము వినుటకు పౌరాణికుడు కావలెను. నవలకు అక్షరమును, ఒక దీపమును చాలును. కనుకనే గురువు దొరకనివారును, గురువు చేరదీయనివారును నవల చేతబట్టి గ్రంథాలయమునకు వచ్చిరి. గురువు లేకయే చదువుకొన్న నేను ఆ త్రోవను ఇతరులకు మూయజూచుట ఎంత విపరీతము!

ఎనిమిదవ పుస్తకముతో మాఘము ముగిసినది. చదువవలసినవి ఇంకను నిలువ యున్నవి. నారాయణరావు చదువలేదు. 1960 దశకమున వారపత్రికల ధారావాహికలతో తెలుగు నవలను ఇల్లిల్లు చేర్చిన రచయిత్రుల గ్రంథములు చదువలేదు. రంగనాయకమ్మగారి బలిపీఠము, యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరి మా గ్రంథాలయమున అట్టలు ఊడి, మరల కుట్టబడి, మరల ఊడియున్నవి. అలమారులోని నా వసుచరిత్రము మాత్రము కొన్ననాటివలెనే మెరయుచున్నది. పుస్తకపు గౌరవము మెరుపున నున్నదో చినుగున నున్నదో చదువరులే నిర్ణయింతురు గాక. నిఘంటువులో నవల యనగా స్త్రీ యని యున్నదంటిని గదా. మా యెరవు పట్టీలో ఆ యర్థమే సార్థకమైనది. వచ్చు మాఘమును ఆ గ్రంథములకు కేటాయించుకొంటిని.

కావ్యములను విడిచితినని ఎవరును తలంపవలదు. ఇప్పటికిని పడుకొనుటకు ముందు తిక్కన పద్యము లేక నిద్రరాదు. కాని కావ్యము మనిషి ఎట్లుండవలెనో చెప్పినది. నవల మన ప్రక్కయింటి మనిషి ఎట్లున్నాడో చెప్పినది. రెండవది తెలియక మొదటిది బోధించువాడు, అడుగు కొలువకయే పట్టా వ్రాసినవాని వంటివాడు.

చివరి సంగతి చెప్పి ముగించెదను. మాసాంతమున మాలపల్లిని నా పేర మరల ఎరవు వ్రాయించుకొని, ఊరి చివరి పేటకు పోయితిని. ఆనాటి యువకునకు ఇప్పుడు తల నెరసినది. నన్ను చూచి మంచము వాల్చెను. పుస్తకము చేతికిచ్చి, "అప్పుడు అడిగావు. ఇప్పటికి తెచ్చాను" అంటిని.

అతడు అట్ట చూచి నవ్వి, "ఇప్పుడెందుకండీ, అచ్చరాలు ఆనటంలేదు. మా అమ్మాయి చదువుద్ది లెండి" అనెను.

లోపలినుండి ఆ పిల్ల వచ్చి పుస్తకమును చూచి, "ఇది నేను ఎప్పుడో చదివానండి, మన లైబ్రరీలోదే. నాన్నకి కూడా చదివి వినిపించాను. మీరు ఇప్పుడు చదివారాండీ?" అనెను.

అవునని తలయూచితిని. తిరిగి వచ్చి ఎరవు పట్టీ తిరుగవేయగా, మాలపల్లికి ఎదురుగా ఆ బాలిక సంతకము నాలుగేండ్ల క్రిందటి తేదీతో నున్నది. నా సంతకము దానికి చాల క్రింద నున్నది.

లెక్కల పుస్తకమున తప్పు పద్దు పడినచో దానిని చెరిపివేయరాదు, గీకరాదు, కాగితము చింపరాదు. క్రింద తేదీ వేసి సవరణ పద్దు వ్రాయవలెను. సమావేశపు పుస్తకమున ఇరువదియైదేండ్ల నాటి నా పంక్తిని నేను చెరుపను. ఈ వ్యాసమే దానికి సవరణ పద్దు. కార్యవర్గమువారు దయచేసి ఈ సంచిక ప్రతి నొకదానిని ఆ పుస్తకముతో కలిపి కుట్టించవలసినదని ప్రార్థించుచున్నాను. తలుపునొద్ద నిలిచి అడుగువారు ఇకమీదట లోపలికి వచ్చి అడుగుదురు గాక! మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక!